పందొమ్మిది ఖాళీ గళ్ళు

పెన్‌హాలో ఊళ్ళో ఎవరి నడుము ఎంత పెరిగిందో వెర్నా హౌటాలకు తెలిసినట్టు వాళ్ళ డాక్టరుకు కూడా తెలియదు. మెయిన్ వీధి లాండ్రీ వెనకగదిలో ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చుని ఆమె ఊరందరి చిరుగులూ కుట్టింది. పెళ్ళి గౌనయినా, శవపేటికలోకి వెళ్ళే కోటయినా ఆమె చేతి మీదుగా పోవలసిందే. చిరిగిన చోటు చిరగనట్టు చెయ్యడం ఆమె విద్య. ఆ చిరుగు ఎలా వచ్చిందో బయట చెప్పకపోవడం ఆమె మర్యాద. ఇన్నేళ్ళూ నోరు మూసుకున్న మనిషి డెబ్బై మూడో ఏట నోరు తెరిచిందంటే, తప్పు ఆమెది కాదు.

భర్త పోయాక, లాండ్రీ మూతపడ్డాక, ఆమె మంగళవారాలు పాత రైలు స్టేషనులో గడిచేవి. ఆమెతో కలిపి ఏడుగురున్న ఊరి చరిత్ర సంఘం ఉండేది అక్కడే. రాగి గనులున్నన్నాళ్ళూ రాగిని మోసిన స్టేషను, ఇప్పుడు గనివాళ్ళ సామాను మోస్తోంది. అక్కడ కూడా పెద్దరికాలు పోలేదు. గని కెప్టెన్ ట్రెగేర్ టీ తాగిన కప్పుకు అద్దాల పెట్టె, దాని కింద నాలుగు వరుసల చీటీ. రాయి తోడిన, ఫిన్లాండు నుంచి వచ్చిన కూలీల పారలేమో మూలనున్న పీపాలో గుత్తిగా కుక్కి ఉన్నాయి. ఏ పార ఎవరిదో ఎవడూ రాసిపెట్టలేదు.

సంఘం దగ్గరున్న వస్తువులన్నిటిలోకీ గొప్పది గంట గుడ్డ. తాతల కాలంలో ఊరికి అగ్నిప్రమాదాల గంట కొనడానికి ఆడవాళ్ళు చందాలు పోగుచేశారు. చందా ఇచ్చిన ఇంటికొకరి పేరు తెల్లగుడ్డ మీద ఒక గడిలో ఎర్రదారంతో కుట్టారు. మొత్తం అరవై గళ్ళు. నలభై ఒక్క గళ్ళలో పేర్లున్నాయి, పందొమ్మిది ఖాళీ. ఊరి పండుగ రోజున గుడ్డ మీద ఉన్న పేరుకొకటి చొప్పున నలభై ఒక్కసారి గంట కొట్టడం ఆచారం. గుడ్డ పక్కనున్న చీటీలో ఇలా ఉంటుంది: “ఖాళీ గళ్ళు చందా రానివి.” ఆ చీటీ రాసింది సంఘం పెట్టిన మహాతల్లి, కెప్టెన్ కోడలు.

ఫిన్లాండు కూలీల ఇంటి మనిషి, వెర్నా అమ్మమ్మ ఇంపి రౌటియో మాత్రం తన పేరు ఆ గుడ్డ మీద ఉండేదని చెప్పేది. తన చేత్తోనే కుట్టానని, చివరి వరసలో చివరి గడి తనదని చెప్పేది. గనిలో సమ్మె జరిగిన ఏడు ఎవరో దాన్ని తీసేశారనేది. ఇంట్లో అందరూ నవ్వేవారు. పద్నాలుగేళ్ళ వయసులో వెర్నా బడి పిల్లలతో వెళ్ళి గుడ్డను చూసి వచ్చి, “అక్కడేం లేదు అమ్మమ్మా. నువ్వన్నీ అబద్ధాలే చెప్తావ్,” అంది. ఇంపి చేతిలో ఉన్న మేజోడు తిరగేసి రఫ్ఫు చేసుకుంటూ కూర్చుంది. ఆ చలికాలం దాటకుండానే పోయింది. ఆ మాట వెర్నాను ముల్లులా యాభై తొమ్మిదేళ్ళు పొడిచింది.

ఊరు పుట్టి నూట యాభై ఏళ్ళవుతున్న సందర్భంగా గుడ్డ మీద మరకలు చూడమని సంఘం వెర్నాకు అప్పగించింది. ఫిబ్రవరి ఎండ మంచు మీద పడి కిటికీలోంచి కొడుతోంది. మరక వెతకడానికి ఆమె గుడ్డను అద్దానికి ఆనించి పట్టుకుంది. ఖాళీ గడిలో సన్నని వెలుగు చుక్కలు కనిపించాయి. సూది రంధ్రాలు. కుట్టి విప్పిన గుడ్డకూ కుట్టని గుడ్డకూ తేడా ఆమెకు ఒకరు చెప్పాలా? ఎర్రదారం రంగు దిగుతుందేమోనన్న భయంతో ఆ గుడ్డను ఎవరూ ఏనాడూ తడపలేదు. అందుకే ఒక్క రంధ్రమూ పూడలేదు. చుక్కలు కలుపుకుంటూ పోతే అక్షరాలు, అక్షరాలు కలిపితే పేర్లు. చివరి వరసలో చివరి గడి దగ్గరకు వచ్చేసరికి అమ్మమ్మ పేరు తేలింది. అక్కడే కుర్చీలో కూలబడి, గుడ్డ తడవకుండా మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది.

తర్వాత సంఘం బీరువాలోనే వెతికింది. సమ్మె ఏడాది గని కంపెనీ ఇళ్ళలోంచి మంచులోకి గెంటించిన కుటుంబాల జాబితా దొరికింది. పందొమ్మిది కుటుంబాలు. పేరుకు పేరు సరిపోయింది. సమ్మె చేసిన పాపానికి ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు సరే, ఇచ్చిన చందాలోంచి కూడా వెళ్ళగొట్టారు. గంట మాత్రం వెనక్కి ఇవ్వలేదు!

మార్చి సమావేశంలో ఆమె గుడ్డ చూపించి చెప్పింది. “ఇవి చందా రాని గళ్ళు కావు. పేర్లు కుట్టాక ఎవరో కూర్చుని విప్పారు.”

సంఘం అధ్యక్షురాలు మార్జరీ ట్రెగేర్. కెప్టెన్ మునిమనవరాలు, వెర్నాతో కలిసి చదువుకున్న మనిషి. “చిమ్మటలు కొట్టుంటాయిలే వెర్నా,” అంది కాఫీ కలుపుకుంటూ.

బడి బస్సు నడిపి రిటైరైన రేనోకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఊరి గంట కొట్టేది ఆయనే. “మా నాన్న పేరు పొల్లుపోకుండా కొట్టాయా? అయితే మన ఊరి చిమ్మటలు బడికెళ్ళినట్టే. నేనే వెళ్ళలేదు!” అన్నాడు. అందరూ నవ్వారు.

మార్జరీ నవ్వలేదు. “మా నాయనమ్మ అలాంటి పని చేసే మనిషి కాదు,” అంది.

“మీ నాయనమ్మ పేరు నేనెత్తానా?” అంది వెర్నా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

“పండగ ముందు పాత పుళ్ళు కెలకడం ఎందుకమ్మా? తర్వాత చూద్దాం,” అంది మార్జరీ.

తర్వాత ఏం చూశారంటే, వెర్నా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళిన మంగళవారం చూసి ఒక తీర్మానం చేశారు. పండుగకు గంట గుడ్డను శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి వేలాడదీయాలి. ఇప్పటి సబ్బులకు రంగు దిగదని మార్జరీ హామీ ఇచ్చింది. మురికి పోతే మంచిదేగా అని రేనోతో సహా అందరూ చెయ్యెత్తారు. ఉతికే పని కూడా ఊళ్ళో మంచి పనిమంతురాలని పేరున్న వెర్నాకే ఇచ్చారు. ఎంత గౌరవమో చూడండి!

నీళ్ళు తగిలితే పోగులు ఉబ్బి దగ్గరకు జరుగుతాయి. దాని మీద వేడి ఇస్త్రీ పడితే సూది రంధ్రం పూడుకుపోతుంది. తర్వాత ఏ ఎండకు పట్టి చూసినా ఏమీ కనపడదు. ఈ సంగతి మిగతా ఐదుగురికీ తెలియదు. మార్జరీకి తెలుసు. జిల్లా సంతలో కుట్టుపని పోటీలకు ఇరవై ఏళ్ళు తీర్పు చెప్పిన మనిషి ఆమె. ఒక ఏడు వెర్నా కుట్టిన కోటు భుజం మీద, విప్పి మళ్ళీ కుట్టిన రంధ్రాలు పట్టుకుని మొదటి బహుమతి తప్పించింది. పైగా పదిమందిలో నవ్వుతూ, “కాస్త తడిపి ఇస్త్రీ పెట్టుంటే నాకు దొరికేదానివి కాదుగా!” అంది. ఆ మాట వెర్నా మరిచిపోలేదు.

గురువారం ఆమె స్టేషనుకు వెళ్ళేసరికి బల్ల మీద తొట్టి, గోరువెచ్చని నీళ్ళు, సబ్బు సిద్ధంగా ఉన్నాయి. రేనో కిటికీ పక్కన కూర్చుని కూరగాయలూ మాంసమూ కూరిన పేస్టీ తింటున్నాడు.

“ఉతకను,” అంది వెర్నా.

“నువ్వు కాకపోతే నేనే ఉతుకుతా. తీర్మానం అయిపోయింది,” అంది తొట్టి దగ్గరే ఉన్న మార్జరీ.

“తడిపితే ఏమవుతుందో నీకు తెలుసు మార్జరీ. సంతలో నువ్వే చెప్పావ్. తడిపి ఇస్త్రీ పెట్టుంటే దొరికేదానివి కాదన్నావ్.”

మార్జరీ తేలు కుట్టిన దొంగలా రేనో వైపు చూసింది. గొంతు తగ్గించి, కుట్టు పెట్టెలోంచి ఎర్రదారం ఉండ తీసి వెర్నా చేతిలో పెట్టింది. “చూడు, మీ అమ్మమ్మ పేరు మళ్ళీ కుట్టేయ్. తర్వాతే ఉతుకుదాం. నేనేం అడగను, ఎవరూ అడగరు. నీ చేతి కుట్టు పాతదో కొత్తదో ఎవడు పోల్చుకుంటాడు?”

అబద్ధమెందుకు, వెర్నాకు ఆశ పుట్టింది. దారం ఆ పాత రంగే. గంటసేపు పని. అమ్మమ్మ పేరు వచ్చేస్తుంది, ఎక్కడా అతుకు కనపడదు. తన జీవితమంతా చేసింది ఆ పనే. ఆమె దారం కొస వెతికి, సూదిలోకి ఎక్కించబోయి ఆగింది. ఒక్క పేరు వస్తుంది, పద్దెనిమిది పోతాయి. ఆ ఒక్కటి కూడా ఎవరూ విప్పనట్టు, ఏమీ జరగనట్టు ఉంటుంది. అంటే ఇంపి చెప్పింది మళ్ళీ అబద్ధమే అవుతుంది.

“ఈ ఊళ్ళో అందరి చిరుగులూ దాచాను. మీ ఇంటివీ దాచాను. ఇది దాచను,” అని దారం ఉండను తొట్టిలోకి విసిరేసింది. గుడ్డ తీసుకెళ్ళి కిటికీకి ఆనించి పట్టుకుంది. “ఏమయ్యా రేనో! ఆ తిండి ఆపి ఇటు చూడు. నువ్వు చెయ్యెత్తింది దీన్ని చెరపడానికే.”

రేనో చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరకు వచ్చాడు. వాళ్ళ నాన్న పేరు వేలితో ఒక్కొక్క చుక్కా తాకుతూ చదివాడు. రెండోసారి కూడా చదివాడు. తర్వాత వెళ్ళి, తొట్టి మోసుకుపోయి, నీళ్ళు బయట మంచులో పారబోశాడు.

మళ్ళీ సమావేశం, మళ్ళీ చేతులు. నలుగురు ఇటు, ముగ్గురు అటు. గుడ్డ ఉతకకూడదని తేలింది. చీటీ మార్చే సంగతి మాత్రం పండుగ అయ్యాక ఆలోచిద్దామన్నారు. ఇన్ని తరాలు ఆలోచించింది చాలలేదు కాబోలు!

జూలైలో పండుగ వచ్చింది. గుడ్డను ఎండ తగలని గోడకు, అందనంత ఎత్తున కట్టారు. పక్కనే పాత చీటీ. బయట గంట చుట్టూ ఊరంతా చేరింది. మార్జరీ మైకులో నలభై ఒక్క పేర్లూ చదివింది, పేరుకొకసారి రేనో తాడు లాగాడు. ఆఖరి పేరు కాగానే ఆమె ధన్యవాదాలు చెప్పింది, జనం చప్పట్లు మొదలుపెట్టారు.

గంట మళ్ళీ మోగింది.

“రేనో, అయిపోయింది!” అంది మార్జరీ.

“నీ లెక్క అయిపోయింది తల్లీ. మాది ఇప్పుడే మొదలైంది, ఇది మా నాన్నది,” అని ఆయన జనంలోకి చూశాడు. “ఏమ్మాయ్ వెర్నా, ఊరికే కొట్టించకు. మిగతా పేర్లు చదువు.”

వెర్నా కాగితం తేలేదు. ఆమెకు కాగితం అక్కర్లేదు. జనంలో ఉన్నచోటే నిలబడి గొంతెత్తి ఒక్కొక్క పేరే పలికింది. చప్పట్లు ఆగిపోయాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. తమ పేరు వినపడిన చోటల్లా ఒకరు టోపీ తీస్తున్నారు, ఒకరు పిల్లను భుజం మీదికి ఎత్తుకుంటున్నారు.

యాభై తొమ్మిది పేర్లు అయ్యాయి. అరవయ్యో పేరు దగ్గర వెర్నా ఆగింది. రేనో తాడు పట్టుకునే ఉన్నాడు.

“చెప్పమ్మాయ్, చేతులు పడిపోతున్నాయి.”

“ఇంపి రౌటియో,” అంది వెర్నా. “మా అమ్మమ్మ. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఈ ఊరు చెప్పింది. నేనూ చెప్పాను.”

రేనో తాడు లాగాడు.