మూడేళ్ల శిస్తు

మా ఆయనకి మతి పోతోందని సాలూరు ఆస్పత్రి డాక్టరు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసినదాన్ని, ఆయన వేషాలు నాకు తెలియవా? "ఇంక బాగయ్యే జబ్బు కాదమ్మా. ఇంటి లెక్కలు ఇకనుంచి మీరే చూసుకోండి" అన్నాడు డాక్టరు. ఆ మాట మీదా అనుమానమే వచ్చింది. అక్షరం ముక్క రానిదాన్ని, నేనేం లెక్కలు చూస్తాను?

పందొమ్మిది వందల ఇరవై దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. అరకు లోయలో మాకు మామగారి నాటి పొలం ఉండేది. బండి దారి పక్కన చింతపండు, పసుపు కొని దిగువకి పంపే చిన్న కొట్టు కూడా ఉండేది. డబ్బు వ్యవహారమంతా ఆయనది. వంటా, పశువులూ, నోరూ నావి.

సాలూరు నుంచి తిరిగొచ్చిన వారానికే శిస్తు గుమస్తా గుమ్మంలో నిలబడ్డాడు. మూడేళ్ల శిస్తు బాకీ ఉందిట, మొత్తం తొంభై రూపాయలట. నెలాఖరులోగా కట్టకపోతే పొలం వేలం వేస్తారట.

"కట్టేసినాను కదా! ఏటేటా కట్టినాను!" అన్నారు మా ఆయన అరుగు మీంచి బల్ల గుద్దినట్టు.

గుమస్తా పుస్తకం తెరిచి నా ముఖం ముందు పెట్టాడు. చదువురానిదానికి పుస్తకం చూపించే మనిషిని ఎలా నమ్మను? వీడే మింగేశాడనుకున్నాను. పెట్టె అడుగునున్న రసీదులన్నీ తీసి, సంతకి వచ్చిన ఒక పంతులుగారి చేత చదివించాను. అన్నీ మూడేళ్ల కిందటివే. గుమస్తా మీద అనుమానం కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మరి శిస్తుకని ఏటా పక్కన పెట్టిన డబ్బు ఏమైనట్టు?

అప్పటినుంచి కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. సంతనాడు మా కొట్టుకి పసుపు తెచ్చే కొండదొర తెగ రైతు ఒకడుండేవాడు. వాడూ మా ఆయనా కొట్టు వెనక చేరి గుసగుసలాడేవారు. నేను వెళితే మాట ఆపేసేవారు. ఒక సంతనాడు తలుపు సందులోంచి చూశాను. మా ఆయన మొలలోంచి రెండు వెండి రూపాయలు తీసి వాడి చేతిలో పెట్టారు. వాడు నడుముకున్న నారతాడుకి రెండు ముడులు వేసుకుని వెళ్లిపోయాడు.

కొండవాళ్లు కాగితం మీద రాయరు, ఇచ్చిపుచ్చుకున్నవి తాడుకి ముడులేసి గుర్తుపెట్టుకుంటారు. అది నాకు తెలుసు. ఇంకేముంది, లేని బాకీ చూపించి మతిలేని మనిషి దగ్గర వారం వారం గుంజుతున్నాడని తేల్చేశాను. బాకీ తీరితే ముడి విప్పాలి కదా, వీడు వేస్తున్నాడేమిటన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు. ఒళ్లు మండిపోయింది.

మర్నాడే కొండెక్కి వాడి గుడిసె ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు లోపలికెళ్లి సామల గాదె అడుగునుంచి ఒక మూట తెచ్చి చూపించాడు.

"నానేటి సేసుకుంటానమ్మా ఈ డబ్బు? సిస్తు డబ్బట. బాబుగారు దాయమన్నారు, దాసినాను. రూపాయికొక ముడి. సూసుకోండి."

"అయితే ఇచ్చెయ్యి."

"ఇవ్వలేనమ్మా. ఏ సెయ్యి ఇచ్చిందో ఆ సేతికే ఇవ్వాల. మా కాడ అదే కట్టుబాటు."

"నేను ఆయన పెళ్లాన్నిరా!"

వాడు తల దించుకున్నాడు. "అదేనమ్మా. మీకు మాత్తరం ఇవ్వొద్దన్నారు. మీరు ఇంట్లో డబ్బు దొంగతనం సేత్తన్నారట."

లోకంలో అందరినీ అనుమానించాను. నన్ను దొంగనుకునే మనిషి నా చేతి కూడే తింటూ నా పక్కనే ఉన్నాడని తెలుసుకోలేకపోయాను. ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది.

నెలాఖరు రెండు రోజుల్లోకి వచ్చింది. మా ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ ఎక్కాను. దారంతా ఆయన నాకు నాలుగడుగులు ఎడంగానే నడిచారు. రైతుని చూడగానే మాత్రం ముఖం విప్పారింది. వాడు ఒక్కొక్క ముడీ విప్పుతూ ఒక్కొక్క రూపాయీ ఆయన అరచేతిలో పెట్టాడు. నేను నోట్లోనే లెక్కపెట్టుకున్నాను, వాడి మీద అప్పటికీ నమ్మకం కుదరక. ఎనభై ఆరు. మిగతా నాలుగూ ఇత్తడి గంగాళం అమ్మితే వస్తాయి. పొలం నిలిచినట్టే. అనుమానించినందుకు వాడి ముందు సిగ్గుపడ్డాను.

వాడు మాకు అంబలి తేవడానికి లోపలికి వెళ్లాడు. మా ఆయన డబ్బు ఉత్తరీయంలో మూటగట్టి, అటూ ఇటూ చూశారు. తర్వాత నా ముఖంలోకి చూశారు. కొత్త మనిషిని చూసినట్టు, చాలా మర్యాదగా.

"సూడమ్మా, నిన్ను సూత్తే నమ్మకంగా కనిపిత్తన్నావు" అంటూ మూట నా చేతిలో పెట్టారు. "సిస్తు డబ్బిది. బేగి తీసుకెళ్లి కట్టీ. మా ఇంటిదానికి మాత్తరం తెలియనీకు."

ఆ మూట రెండు చేతులతోనూ పట్టుకున్నాను.

"తెలియనివ్వను బాబూ" అన్నాను.