రెండోసారి అడగని ఇల్లు

నేను అప్పుడు పనిచేసిన ఇంటి మామా తిండి మనిషి కాదు. తిండిని ఫోన్‌కి చూపించే మనిషి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మేము యజమానురాలిని మామా అంటాం. అంతే తప్ప ఆవిడకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఎక్కడ కొత్త హోటల్ తెరిచినా మామా వెళ్లి, పళ్లెం ముందు కూర్చుని, ఓ ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బాగుందో లేదో వీడియోలో చెప్పేది. అది చూసి మర్నాటికి జనం ఆ హోటల్ ముందు కార్లు ఆపుకునేవారు. మిగిలిన ముక్కలు అక్కడే చల్లారిపోయేవి. నేను ఆ ఇంట్లో వంట చేసేదాన్ని, చిన్న పిల్లాడిని చూసుకునేదాన్ని, వీడియో తీసేటప్పుడు లైటు పట్టుకునేదాన్ని.

మాది రాయచోటి పక్క పల్లె. మా వైపు ఒక మర్యాద ఉంది. ఎవరింటికైనా వెళ్తే, అన్నం తిందువు రా అంటారు. పేగులు అరుస్తున్నా సరే, ఒద్దు, ఇప్పుడే తిన్యా అనాలి. వాళ్లు మళ్లీ అంటారు. మళ్లీ ఒద్దనాలి. అప్పుడు వాళ్లు చెయ్యి పట్టి లాగి, పీట మీద కూలేసి, ఒక ముద్దన్నా తినకుంటే ఒప్పుకోమంటారు. అప్పుడు తినాలి. మొదటిసారే కూర్చున్నవాళ్లను కరువులో పుట్టిందిరా ఇది అంటారు. ఒక్కసారే అడిగి ఊరుకున్నవాళ్లను అంతకన్నా ఘోరంగా అంటారు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఉగ్గుపాలతో వచ్చింది.

కువైట్ ఇంట్లో ఈ మర్యాదతో పని పడలేదు. వంటిల్లు నా చేతిలో ఉండేది. ఆకలైతే పెట్టుకుని తినేదాన్ని. నన్ను అడిగేవాళ్లూ లేరు, నేను ఒద్దనాల్సిన పనీ లేదు. అలా ఉండగా చలికాలం సెలవుల్లో మామా కరీబియన్ సముద్రంలో ఓ దీవికి ప్రయాణం పెట్టింది. అక్కడ మంచి మంచి తిండి దొరికే చోట్లు వెతికి, కువైట్ వాళ్లకు చూపిస్తుందట. మామా, ఆమె భర్త బాబా, పిల్లాడు, పిల్లాడి కోసమూ లైటు కోసమూ నేను. విమానాలు మారీ మారీ కాళ్లు వాచాక దిగాం.

మొదటి రోజు మధ్యాహ్నం సముద్రం పక్కనే చెక్కలతో కట్టిన ఒక హోటల్‌కి వెళ్లాం. బొగ్గుల మీద కాల్చిన చేప, వేయించిన అరటికాయ ముక్కలు, కొబ్బరి అన్నం. వాసనకే నా నోట్లో నీళ్లూరాయి. చేపలో, అన్నంలో పంది కొవ్వు, సారా లాంటి తాము తినకూడనిది ఏదీ కలవలేదు కదా అని బాబా పదిసార్లు అడిగి తెలుసుకున్నాడు. హోటల్ కుర్రాడు రాసుకుంటుంటే మామా నా వైపు తిరిగింది.

"నీకు?"

నేను తల దించుకుని, "ఒద్దు మామా" అన్నాను.

అని ఎదురుచూశాను. మామా మెనూ కార్డు మూసి కుర్రాడికి ఇచ్చేసింది. అంతే. నేను లైటు పట్టుకుని నిలబడ్డాను, వాళ్లు తిన్నారు.

పోనీలే, రాత్రికి అడుగుతుందనుకున్నాను. రాత్రి అడగలేదు. మర్నాడు అడగలేదు. ఎందుకంటే మామా దృష్టిలో ఆ ప్రశ్నకు జవాబు వచ్చేసింది. "మా పనమ్మాయి బయటి తిండి ముట్టదు, ఇండియా వాళ్ల కడుపు వేరు" అని కువైట్‌లో ఉన్న స్నేహితురాలికి ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఆ గొంతులో ద్వేషం లేదు. ద్వేషం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కుర్చీకి ఆకలి వేయదు అన్నంత మామూలుగా చెప్పింది.

చచ్చిపోయేంత ఆకలేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. పొద్దున పూట మేం దిగిన హోటల్‌లో ఎవరి పళ్లెం వాళ్లే పెట్టుకోవచ్చు. అక్కడ సిగ్గు విడిచి రొట్టెలు, గుడ్లు కుక్కుకునేదాన్ని. పిల్లాడు వదిలేసిన బిస్కెట్లు ఉండేవి. కానీ రోజంతా ఆ దీవిలో తిండి వెతకడమే మా పని. ఇక్కడ రొయ్యలు బాగుంటాయట, అక్కడ శంఖం లోపలి మాంసం వండుతారట, ఆ గుట్ట మీద ముసలాయన చేపల పులుసు పెడతాడట. ఫోన్ చూసుకుంటూ మామా ముందు, పిల్లాడి బండి తోసుకుంటూ నేను వెనక. ఒకచోట బల్లలు బాగాలేవని లేచొచ్చేది. ఒకచోట వెలుతురు బాగాలేదని. తెప్పించుకున్న చోట రెండు ముక్కలు తిని, మిగతా పళ్లెం అలాగే వదిలి, యల్లా, ఇక పదండి అని లేచేది. ఆ పళ్లేలు కుర్రాళ్లు తీసుకుపోయి చెత్తబుట్టలో గుమ్మరించడం నేను చూసేదాన్ని. మా ఇంట్లో కిందపడిన మెతుకు కళ్లకద్దుకుని తినేవాళ్లం. ఆ బుట్ట చూసినప్పుడల్లా నాకు మామా జుట్టు పట్టుకోవాలనిపించేది.

నోరు తెరిచి అడగొచ్చు కదా అంటారు. అడగందే అమ్మైనా పెట్టదు అనే సామెత ఉంది నిజమే. ఆ సామెత చెప్పినవాడి అమ్మ ఎలాంటిదో నాకు తెలియదు. మా అమ్మ అడక్కుండానే పెట్టేది, ఒద్దంటే తిట్టి పెట్టేది. ఒకసారి ఒద్దన్న నోటితో వెళ్లి ఆకలేస్తోందని అడగడం నాకు చేతకాలేదు. ప్రతి హోటల్‌లోనూ లైటు పట్టుకుని, ఇప్పుడైనా అడగవే తల్లీ అని లోపల్లోపల బతిమాలుకునేదాన్ని. మామా కళ్లు మూసుకుని నమిలేది.

దీవి వదలడానికి ముందు ఒక మధ్యాహ్నం మామా, బాబా సముద్రంలో దిగారు. పిల్లాడు బండిలో నిద్రపోయాడు. నీడ కోసం వెతుకుతూ హోటళ్ల వెనక సందులోకి తోసుకుంటూ వెళ్లాను. అక్కడ ఒక రేకుల కొట్టు, కొట్టులో ఒక పెద్దావిడ. ముఖం చూస్తే మా పక్క ఊరి మనిషే అనిపించింది. మాట మాత్రం అక్కడి ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. వాళ్ల ముత్తాతల కాలంలో చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి ఓడల్లో వచ్చారట, అది చేతులతో చూపిస్తూ చెప్పింది. పెనం మీద పెద్ద పెద్ద రొట్టెలు కాలుస్తోంది. లోపల పప్పు పొడి, మన ఓళిగల్లో బెల్లం తీసేసి ఉప్పు వేసినట్టు. అందులో శెనగల కూర, ఉర్లగడ్డ కూర వేసి మడిచి ఇస్తుంది.

తింటావా అంది. ఒద్దన్నాను. ఆవిడ నా మాట విననే లేదు. బల్ల తుడిచి, నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పళ్లెం ముందు పెట్టి, పచ్చిమిరపకాయ కూడా పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఒక ముద్ద తుంచి తిన్నాను. అంత మంచి తిండి నేను పెళ్లిళ్లలో కూడా తినలేదు.

రెండో ముద్ద తుంచేలోపు సందు మొదట్లో మామా గొంతు వినపడింది. పిల్లాడి కోసం వెతుక్కుంటూ వచ్చారు. తిడుతుందనుకుని పళ్లెం చేతిలోకి తీసుకుని లేచాను. మామా తిట్టలేదు. కొట్టు చూసింది, పెనం చూసింది, నా పళ్లెం చూసింది. ముఖం వెలిగిపోయింది. మాంసం లేదు, అడగాల్సిన పని లేదు, ఇలాంటి చోటు ఎవరూ చూపించి ఉండరు. బాబాను ఫోన్ తెరవమంది. నా చేతిలో పళ్లెం తీసుకుంది, లైటు నా చేతికి ఇచ్చింది. నేను తుంచిన వైపు తన వైపుకి తిప్పుకుని, రెండో వైపు నుంచి కొరికి, కళ్లు మూసుకుంది.

"ఈ దీవి మొత్తంలో ఇదే మంచి చోటు. నేనే కనిపెట్టాను."

మిగిలిన రొట్టెలన్నీ మామా కొనేసింది. పెద్దావిడ నా వైపు చూసి పిండి గిన్నె బోర్లించి చూపించింది, అయిపోయిందని. వెనక్కి వస్తుంటే మామా నాతో, "తిననని చెప్పి దొంగతనంగా తింటున్నావే, అబద్ధాలకోరు" అంది నవ్వుతూ. సంచి నా చేతికే ఇచ్చింది మోయమని. ఆ రొట్టె ఈ జన్మలో ముట్టనని దారిలోనే ఒట్టు పెట్టుకున్నాను. కోపం ముందు ఆకలి ఎంత.

కువైట్ వచ్చాక మొదటి శుక్రవారం ఖైతాన్‌లో, మా ఊరి వాళ్ల గదిలో అక్కను కలిశాను. అక్క అహ్మదిలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. జరిగింది విని తల కొట్టుకుంది.

"మా వీధిలో తెలుగోళ్లుండారమ్మీ. గోదావరోళ్లు. ఆయప్ప ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. వంటకు మనిషి గావాలంట. ఆయమ్మ తిను తిను అని సంపుతాది మనిషిని. ఆడికి పోదువు."

అక్కడికక్కడే ఫోన్ కలిపింది. ఆవిడ మొదటి మాటే, "ఏమ్మా, భోంచేశావా?"

"తినేసినానమ్మా" అన్నాను.

"ఏం తిన్నావో చెప్పు చూద్దాం" అంది ఆవిడ.

నేను చెప్పలేకపోయాను, అప్పటికి తినలేదు. ఆవిడ నవ్వింది. "అదిగో దొరికిపోయావు. మా ఇంట్లో ఈ వేషాలు సాగవు, తినకపోతే ఊరుకునేది లేదు, ముందే చెప్పేస్తున్నాను." ఆ ఒక్క మాటకు నేను ఆ ఇంటి మనిషినైపోయాను. జీతం ఎంతో కూడా అడగలేదు. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, కొత్త ఇంటి పేరు మీదికి మార్చుకోవడానికి మామా సరే అనాలి, తన మనసు బాగున్నప్పుడు అడిగి చెబుతానన్నాను. వారం రోజులు ఆగుతానంది ఆవిడ.

ఆ వారం మామా మనసు బాగాలేదు. దీవి రొట్టె వీడియోను ఊరంతా చూసింది. అందులో నా ముఖం లేదు, చెయ్యి ఉంది. పళ్లెం ఆ చేతిలోంచి మామా చేతిలోకి పోవడం ఉంది. పనిమనిషి తినే పళ్లెం లాక్కున్నావా, ఆమెకేమైనా పెట్టావా అని జనం కింద రాశారట. మామా ఇల్లంతా తిరుగుతూ, ఎన్నిసార్లు బతిమాలినా పనమ్మాయే తినదని ఫోన్లో అందరికీ చెప్పుకుంది. నేను పక్కనే గిన్నెలు తుడుస్తూ విన్నాను. నాకు చాలా సంతోషంగా ఉండింది. ఇంకా తిట్టండిరా అనుకున్నాను.

వారం చివర్లో మామా ఇంటికి తెలిసిన ఆడవాళ్లందరినీ పిలిచింది. ఆ రొట్టెలే చేయమంది. రుచి నీకే తెలుసు, తిన్నావు కదా అంది. ఒక్క ముద్ద జ్ఞాపకంతో శెనగపప్పు ఉడికించి, జీలకర్రతో నూరి, పిండిలో పెట్టి ఒత్తి కాల్చాను. బాగా వచ్చాయి.

హాలు నిండా ఆడవాళ్లు. మామా నన్ను పిలిచి తన పక్కన సోఫాలో కూర్చోమంది. ఆ ఇంటి సోఫాలో నేను కూర్చోవడం అదే మొదలు. ఆ రోజు లైటు మామా ఆడపడుచు పట్టుకుంది. మామా ఒక ముక్క తుంచి, "తిను" అంది.

"ఒద్దు మామా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నిజంగా అన్న మొదటి ఒద్దు అది.

"లేదు, తినాలి."

"ఒద్దు మామా. కడుపు నిండింది."

"నా కోసం. ఒక్క ముక్క." గొంతు ఎంత తియ్యగా ఉందని. వేళ్లు నా పెదాలకు తగిలాయి. అంతమంది నవ్వుముఖాలతో చూస్తున్నారు. ఉమ్మేసి లేచిపోదామనుకున్నాను. ఇఖామా గుర్తొచ్చింది, నోరు తెరిచాను. ఒట్టు తప్పినందుకూ కోపానికీ కళ్ల వెంబడి నీళ్లు కారాయి. ఆ నీళ్లు కూడా వీడియోలో బాగా పడ్డాయని ఆడపడుచు మెచ్చుకుంది.

అందరూ వెళ్లాక మామా సోఫాలో ఒరిగి ఫోన్ చూసుకుంటూ నవ్వుకుంటోంది. జనం ఇప్పుడు పొగుడుతున్నారు. ఇదే సమయమని, వేరే ఇల్లు చూసుకున్నాను, ఇఖామా మార్చుకోనిమ్మని అడిగాను.

"సరే. ఖలాస్" అంది, తల ఎత్తకుండానే.

ఉండిపో అని ఒక్కసారైనా అనలేదు. పోవాలనే అడిగాను, అయినా ఆ మాట కోసం కాసేపు అక్కడే నిలబడ్డాను. మామా ఇంకేంటి అన్నట్టు చూస్తే వంటింట్లోకి వచ్చి అక్కకు ఫోన్ చేశాను.

నేను మాట్లాడకముందే అక్క మొదలుపెట్టింది. "సూసినామ్మీ, వీడియో సూసినా. మా ఇంటోళ్లు కూడా సూసినారు. మామా సేత్తో తినిపిస్తాంటే నాకు ఏడుపొచ్చినాది. పెట్టి పుట్టినావు నువ్వు. అంత పేమగా సూసుకునే ఇల్లు వదులుకోబాక."

"అక్కా, మామా పొమ్మనింది. నేను అహ్మదికి వస్తాండా."



"ఆయమ్మకు ఇందాకనే సెప్పేసినా గదమ్మీ. మా సెల్లెలికి ఒద్దులే, ఆడ్నే బాగుండాదని."

"ఒద్దంటే ఏమనింది? మళ్లా అడగలేదా?"

"లేదు" అంది అక్క. "సరేలేమ్మా అని ఫోన్ పెట్టేసినాది."