అమ్మ మోకరించాలనుకున్న శుక్రవారం

"ఇంకొంచెం వంచమ్మా, ఇంకొంచెం" అంటూ నేను మడమ కింద ప్లాస్టిక్ కవరు సర్దుతుంటే, అమ్మ పళ్లు బిగబట్టి మంచం పట్టె పట్టుకుంది. కవరు ఉంటే పాదం పరుపు మీద సులువుగా జారుతుందని ఫిజియో సార్ చెప్పిన ఉపాయం అది. మోకాలి చిప్ప మార్చి నలభై రోజులు దాటింది. కుట్లు విప్పిన గీత ఇంకా ఎర్రగానే ఉంది.

"గింత వంగింది గదనే. శుక్రవారం మోకరిస్త గదా?" అంది ఊపిరి వదిలి.

"సూద్దాం తియ్యమ్మా" అన్నాను, ఆమె మొహం చూడకుండా.

ఎట్లా చూస్తాను? నిజం నాకు ముందే తెలుసు. ఆపరేషన్‌కు ముందు, అమ్మ ఎక్స్‌రే గదిలో ఉన్నప్పుడు, డాక్టర్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. నడిస్తే వచ్చే నొప్పి బాగా తగ్గుతుంది, మెట్లు మెల్లగా ఎక్కుతుంది, పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పట్టినా పట్టొచ్చు, కానీ కింద కూర్చోవడం, మోకరించడం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు అన్నాడు.

మా అమ్మకేమో అదే కావాలి. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ క్యాంటీన్‌లో ఇరవై ఏళ్లు నిలబడి వండిన కాళ్లవి. ఆ పని మానేసినప్పుడు కూడా ఆమె ఏడవలేదు. ఆడవాళ్ల ప్రార్థన కూడికలో అందరూ మోకరిస్తుంటే తానొక్కతే కుర్చీలో కూర్చోవాల్సి వచ్చిన రోజు ఏడ్చింది.

ఆ రోజు ఆస్పత్రి బయటకు రాగానే అడిగింది, "ఏమన్నడే? మోకరిస్తనంటనా?"

"మోకరిస్తవంటమ్మా, నెలన్నరల" అన్నాను. టక్కున నోట్లోంచి వచ్చేసింది. లేదంటే ఆపరేషనే వద్దంటుందని నా భయం.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ముత్తంగి గోదాములో ప్యాకింగ్ డ్యూటీకి పోయే ముందు రోజూ చెయ్యి తిరగేసి ఆ మోకాలు తాకి చూసేదాన్ని. వెచ్చగా ఉంటే భయం. సాయంత్రం వచ్చేసరికి వాచి ఉంటే భయం. కొన్ని నెలలు అట్లాగే ఉంటుందని ఫిజియో సార్ చెప్పినా భయమే. వీటన్నిటికన్నా ఆ శుక్రవారం అంటే ఎక్కువ భయం. ఎందుకంటే ఆ వారం కూడిక మా ఇంట్లోనే.

పక్కింటామె వచ్చి ఇంకా ఎగదోసేది. "మా ఆడబిడ్డ ఇదే ఆపరేషనయినంక ఇరవై దినాలకే బజారుకు పోయింది వదినా. నువ్వింక కర్ర వట్టుకునే ఉన్నవా?"

"మీ ఆడబిడ్డ కాళ్లతోని యాడ పోతదమ్మా, నోటితోని పోతది" అంది అమ్మ. నవ్వుతూనే శుక్రవారానికి ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టుకున్నాను.

మంగళవారం చెప్పేద్దామని చాయ్ తీసుకుని దగ్గరికి పోయాను. చక్కెర సరిపోయిందా అని అడిగి వచ్చేశాను. గురువారం అమ్మ, కూడిక నడిపే పాస్టరమ్మకు ఫోన్ చేసి, "దేవుడు నా కాలుకు చేసిన మేలు రేపు సాక్ష్యం చెప్తమ్మా, మోకరించి చెప్త" అంది.

శుక్రవారం సాయంత్రం పోతిరెడ్డిపల్లిలోని మా రెండు గదుల కిరాయి ఇంట్లో పదిమంది ఆడవాళ్లు జంఖానా మీద సర్దుకుని కూర్చున్నారు. పాట అయిపోయి, అందరూ ప్రార్థనకు కళ్లు మూసుకున్నారు. అమ్మ లేచి, కర్ర గోడకు ఆనించి, మంచం పట్టుకుని వంగసాగింది. సగం వంగేసరికి ఆమె మొహం పాలిపోయింది.

"వద్దమ్మా! డాక్టర్ గట్ల చెప్పలే!" అని అరిచాను.

అందరి కళ్లూ తెరుచుకున్నాయి. ఒక పెద్దామె మాత్రం కళ్లు మూసుకునే "ఆమెన్" అంది.

అమ్మ వంగినది వంగినట్టే నన్ను చూసింది. "మరెట్ల చెప్పిండు?"

"నడుస్తవన్నడు. మోకరించుడు ఆశ వెట్టుకోవద్దన్నడు. నీకు నేనే అబద్ధం చెప్పిన."

పాస్టరమ్మ లేచి ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రార్థన జరిగింది. అమ్మ సాక్ష్యం చెప్పలేదు. అందరూ వెళ్లాక కర్ర అందించబోతే, "నేను తీసుకుంట" అంది.

"చెప్తే నువ్వు ఆపరేషన్‌కు ఒప్పుకునేదానివా అమ్మా?"

"ఒప్పుకుందునో, ఒప్పుకోకపోదునో. కాలు నాది గదనే. నన్నడగాలె గదా."

నొప్పిగా ఉందా అని అడిగితే, లైటు ఆర్పెయ్యమంది అమ్మ.

మర్నాడు పొద్దున మా గోదాము బస్సు హారన్ కొడుతుంటే ఎక్కకుండా పోనిచ్చాను. ఫిజియో సార్‌కు ఫోన్ కలిపి, "సార్, మా అమ్మ మాట్లాడుతది. ఏది అడిగినా ఉన్నదున్నట్టు చెప్పుండ్రి" అన్నాను. ఫోన్ అమ్మ చేతిలో పెట్టి, తడి బట్టల బకెట్ తీసుకుని, వాళ్ల మాటలు నాకు వినబడకుండా మేడ మీదికి వెళ్లిపోయాను.