సాయమ్మకు చెప్పని పాఠం

1944లో నేను మేడ్చల్‌లో ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో డ్రెస్సర్‌గా ఉన్నాను. డ్రెస్సర్ అంటే పుండ్లు కడిగి, మందు రాసి, కట్లు కట్టేవాడు. కంపౌండర్ కంటే ఒక మెట్టు కింద, వార్డు ఊడ్చేవాళ్ల కంటే ఒక మెట్టు పైన. మా నాయినది మచ్చ బొల్లారం. ఆయన చర్చి తోటకు నీళ్లు పోసేవాడు. నేను చిన్న వయసులోనే కంటోన్మెంటు ఆస్పత్రిలో చేరి, చూసి చూసి పని నేర్చుకున్నాను. కంపౌండర్ పరీక్షకు రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ తప్పాను. అప్పటికి మేడ్చల్‌లో కట్లు కట్టడం మొదలుపెట్టి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో నా పని బాగుందని ఎవరూ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. చిన్న ఎత్తు వచ్చినా జనం దిగి నెట్టాల్సిందే. శామీర్‌పేట వైపు రాతి క్వారీల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే ఎడ్లబండే దిక్కు. ఏడెనిమిది మైళ్ల దారి. బండి మా గేటు దాకా వచ్చేసరికి చాలాసార్లు అందులో ప్రాణం ఉండేది కాదు.

మా డాక్టరమ్మ పేరు గ్రేసమ్మ, గుంటూరు వైపు మనిషి. ఒకరోజు అలా వచ్చిన బండి పక్కన నిలబడి, కొడుకును పోగొట్టుకున్న ముసలాయన ఏడుపు వింటూ ఆమె నాతో అంది: "మన దగ్గరికి వచ్చాక మనం చేయగలిగింది తక్కువ, ఏసురత్నం. దెబ్బ తగిలిన చోట మొదటి పావుగంట ఎవరు పక్కనుంటారో, ప్రాణం వాళ్ల చేతుల్లోనే ఉంది. వాళ్లకు నేర్పాలి."

నేర్పే పని నాకప్పజెప్పింది. దాన్ని ఫస్ట్ ఎయిడ్ క్లాసు అనేవాళ్లం. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. డాక్టరమ్మ శనివారం నాకు విడమరచి చెప్పేది, ఆదివారం చర్చి అయ్యాక నేను సైకిల్ మీద శామీర్‌పేట వెళ్లి, బడి కొట్టంలో మా మాటల్లో చెప్పేవాణ్ని. పద్నాలుగు మంది వచ్చారు. క్వారీ పనివాళ్లు, రోడ్డు కూలీలు, ఇద్దరు పోలీసు జవాన్లు, ఒక బస్సు డ్రైవరు. మొదటిరోజు నేను లోపలికి వెళ్లగానే అందరూ లేచి నిలబడ్డారు. "కూసోండ్రి పంతులూ" అని ఒకాయన కుర్చీ తుడిచాడు. జీవితంలో నన్ను పంతులు అని పిలవడం అదే మొదలు. తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ ఎక్కడం ఎందుకని సగం దూరం నడిపించుకుంటూనే వచ్చాను. ఆ పిలుపు ఇంకా చెవుల్లో ఉంది.

పద్నాలుగు మందిలో ఆడమనిషి ఒక్కతే. పేరు సాయమ్మ. ముప్పై ఏళ్లుంటాయి. క్వారీలో రాళ్లు మోసేది. అక్షరం ముక్క రాదు. మొదటిరోజే చెయ్యెత్తింది.

"నెత్తురు ఆగకపోతె ఏం జెయ్యాలె పంతులూ? గది సెప్పుండ్రి ముందుగాల."

"అన్నీ వరసగ వస్తయి. ఎందుకంత జల్దీ?"

"నా పెనిమిటి గట్లనే పోయిండు. బండిల ఆయన తల నా ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఏడ ఒత్తాల్నో, ఏం గట్టాల్నో ఎర్కలే. మేడ్చల్ దాక ఒట్టిగ ఏడ్సుకుంట కూసున్న."

ఆ రోజు నాకు జాలి వేసింది. నిజంగానే వేసింది. ఆ జాలి మూడు వారాలు కూడా నిలవలేదు.

మూడో ఆదివారం డాక్టరమ్మ క్లాసు చూడటానికి వచ్చింది. ఆ రోజు పాఠం స్ప్లింట్, అంటే విరిగిన ఎముక కదలకుండా పక్కన బద్ద పెట్టి కట్టడం. నేను ఒక జవాను కాలికి కట్టి చూపించాను. డాక్టరమ్మ తలూపింది. తర్వాత సాయమ్మ వంతు. ఆమె బద్దకూ కాలికీ మధ్య సందుల్లో బట్ట మడిచి పెట్టింది. ముడి ఎముక మీద పడకుండా పక్కకు జరిపింది. ఆ ముడి వేస్తున్నంతసేపూ కట్టు వంక చూడలేదు, జవాను మొహం చూస్తూ ఉంది, ఎక్కడ నొప్పి పుడుతుందోనని. డాక్టరమ్మ విడమరచి చెప్పిన పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. నేను చెప్పనూ లేదు.

"ఈమె చేతులు చూశావా ఏసురత్నం?" అంది డాక్టరమ్మ. "ఇలాంటి చేతులు నేర్పితే వచ్చేవి కావు."

పదకొండేళ్లు ఆమె ఎదుట నా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఒక్కసారి కూడా వాటి మాట ఎత్తలేదు. నవ్వి, "అవునమ్మా" అన్నాను. కడుపులో మాత్రం నిప్పు పడింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ నిప్పు ఎగదోసుకోవడమే అయింది. నేను చెప్పింది అర్థం కాకపోతే అందరూ ఆమె వైపు తిరిగేవాళ్లు. "సాయమ్మా, నువ్వు జేసి సూపియ్యి" అనేవాళ్లు. నీళ్లలో మునిగినవాణ్ని బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కి ఊపిరి తెప్పించడం నాకే సరిగ్గా లయ కుదరదు, ఆమె రెండోసారికే పట్టేసింది. నేను గొంతు పెంచేవాణ్ని. ఆమె తప్పు కోసం కాచుకుని కూర్చునేవాణ్ని. తప్పు దొరక్కపోతే "అంత జల్దీ వద్దు" అని దాన్నే తప్పు చేసేవాణ్ని. ఆమె "సరే పంతులూ" అని మళ్లీ మెల్లగా చేసేది. అదీ బాగానే ఉండేది.

ఇంట్లో నా భార్య శాంతమ్మ ఒకరోజు కంచం ముందు పెట్టి అడిగింది: "ఎవలు గా సాయమ్మ? బువ్వ తినేటప్పుడు గుడ గామె ముచ్చటేనా? మనసు పడ్డవా ఏంది?"

"మనసు గాదే, మంట" అన్నాను. శాంతమ్మ నవ్వలేదు.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఈ క్లాసు అయ్యాక అల్వాల్‌లో, యాప్రాల్‌లో కూడా పెడదామని, నాతోపాటు నేర్పడానికి సాయమ్మను తీసుకుందామని. క్వారీలో ఉంచే ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా ఆమెకే ఇమ్మంది. ఆ క్వారీ నుంచి క్లాసుకు వచ్చింది ఇద్దరే, సాయమ్మ, నర్సిములు మేస్త్రీ. నేను పెట్టె మేస్త్రీకి ఇచ్చాను. "ఆమెకు చదువు రాదు కదమ్మా, సీసాల మీద పేర్లెట్ల చదువుతుంది?" అని డాక్టరమ్మకు సర్దిచెప్పాను. ఆ సీసాల రంగులు సాయమ్మకు ఎప్పుడో కంఠతా వచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. నెత్తురు ఆపే పద్ధతులు రెండు నేర్పాలి. మొదటిది చేత్తో ఒత్తడం. తొడకు గాయమైతే గజ్జల్లో నాడి కొట్టుకునే చోట లోపలి ఎముకకేసి అదమాలి, దాన్ని ప్రెషర్ పాయింట్ అంటారు. అది అందరికీ చెప్పాను. రెండోది టూర్నికెట్. గాయానికి పైన బట్ట చుట్టి, అందులో చిన్న కర్ర దూర్చి, నెత్తురు ఆగేదాకా మెలితిప్పడం. ఇరవై నిమిషాలకోసారి వదులు చేయాలి, లేకపోతే కాలు చచ్చిపోతుంది. అది ఏడో వారం పాఠం. ఆరో వారం అత్తకు బాగాలేదని సాయమ్మ రానని ముందే చెప్పింది. నేను ఆ పాఠాన్ని ఆరో వారానికి జరిపాను.

మరుసటి ఆదివారం ఆమె అందరికంటే ముందే వచ్చింది.

"పోయిన వారం నెత్తురు ఆపే కట్టు సూపిచ్చిండ్రంట. మేస్త్రీని అడిగితె పంతుల్నే అడుగు అన్నడు. నాకు గుడ సూపియ్యుండ్రి."

"గది ఆడోళ్లతోని గాదు సాయమ్మా. మెలి తిప్పాల్నంటె బలం గావాలె. నీకు చేతితోని ఒత్తుడు వస్తది గద, గది చాలు."

రోజంతా బండరాళ్లు మోసే మనిషికి బలం లేదని చెప్పాను. పైగా దానికి బలమే అక్కర్లేదు, కర్రే పని చేస్తుంది. పదేళ్ల పిల్ల కూడా తిప్పగలదు. ఆ మాట నోట్లో ఉండగానే అబద్ధమని నాకు తెలుసు. ఆమె నా మొహం చూసింది. తర్వాత తల వంచుకుని, "సరే పంతులూ" అని వెళ్లి తన చోట కూర్చుంది.

పది రోజులు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మా గేటు ముందు బండి ఆగింది. ఎండ మండిపోతోంది. బండి తోలుకొచ్చినవాడు గట్టిగా అరుస్తున్నాడు. నేను స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తాను.

బండిలో ఐలయ్య అనే క్వారీ కూలీ వెల్లకిలా ఉన్నాడు. అతని మీద సాయమ్మ మోకాళ్లూని, రెండు చేతులూ నిటారుగా బిగించి, అతని గజ్జల్లో అదిమిపట్టి ఉంది. జుట్టు ఊడి మొహం మీద పడింది. పెదవులు ఎండి పగిలాయి. చీరంతా నెత్తురు, కానీ ఎండిపోయిన నెత్తురు. కొత్తది కారడం లేదు.

"లే సాయమ్మా, నేను సూసుకుంట" అన్నాను.

"మీ చెయ్యి పెట్టుండ్రి ముందుగాల. మీరు పట్టినంకనే నేను తీస్త."

నా బొటనవేళ్లు ఆమె వేళ్ల పక్కన పెట్టాను. ఆమె ఒక్కొక్క వేలే తీసింది. నా వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది. స్ట్రెచర్ గదిలోకి చేరి, డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చేదాకా పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాలకే నా చేతులు భుజాల దాకా లాగేశాయి. చెమట కళ్లలోకి కారింది. ఆమె ఎంతసేపు పట్టుకుందో అప్పటికి నాకు తెలియదు.

బండి తోలుకొచ్చినవాడు ఐలయ్యకు అన్న. జరిగింది తర్వాత అతనే చెప్పాడు. రాయి చీలుస్తుంటే పలక జారి తమ్ముడి తొడ లోపలివైపు కోసుకుపోయింది. నెత్తురు చిమ్మింది. పెట్టె కోసం పరుగెత్తితే, దాన్ని మేస్త్రీ తన ఇంట్లో పెట్టుకున్నాడు, ఆ ఇంటికి తాళం. ఆయన చుట్టాల ఇంటికి యాప్రాల్ వెళ్లాడు. సాయమ్మ అక్కడే కూర్చుని అదిమిపట్టింది. అదిమిపట్టే బండి ఎక్కించారు. "రెండున్నర గంటలు. నడుమల చేతులు తిమ్మిరెక్కినయని మోకాలు పెట్టింది. మల్ల చేతులు పెట్టింది. నీళ్లు తాగమంటె తాగలే, కదిలితె జారుతదేమోనని."

డాక్టరమ్మ నాళాన్ని కట్టి, కుట్లు వేసి బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. "బతుకుతాడు. కాలు కూడా దక్కినట్టే, వేళ్లు వెచ్చగా ఉన్నాయి" అంది. వరండాలో గోడకు చేరగిలబడి ఉన్న సాయమ్మ చేతులు పట్టుకుని చూసింది. వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు.

"టూర్నికెట్ ఎందుకు కట్టలేదమ్మా?"

సాయమ్మ నా వైపు చూడలేదు. "పంతులు నాకు చేతితోని ఒత్తుమని జెప్పిండు. పంతులు జెప్పినట్టే జేసిన."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మంచి పని చేశావు ఏసురత్నం. బండి కుదుపుల్లో టూర్నికెట్ వదులు చేయడం మరిచిపోయి ఉంటే కాలు తీసేయాల్సి వచ్చేది. బాగా నేర్పావు."

పదకొండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ గదికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. పాఠం జరపడం, పెట్టె మేస్త్రీకివ్వడం, బలం లేదన్న అబద్ధం.

"ఆమె చేతులు ఓ మైలు ముందే ఓడిపోయి ఉంటే?" అంది డాక్టరమ్మ.

ఐలయ్య పడుకున్న వార్డు వైపు చెయ్యి చూపింది.

"ఆ మనిషి బతికింది ఆమె పట్టుదల వల్ల. నేను నిన్న నీకు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే ఆదివారం నువ్వే వెళ్లి ఆమెకు నేర్పు. అల్వాల్‌లో పాఠం ఆమె చెబుతుంది. నువ్వు సంచి మోసుకెళ్లు."

ఆదివారం క్లాసు మొదలవకముందే సాయమ్మ దగ్గరికి వెళ్లాను. నా తొడకే బట్ట చుట్టి, కర్ర ఎలా దూర్చాలో చూపించాను. ఆమె ఒక్కసారికే కట్టింది.

"దీనికి బలం అక్కర్లేదు సాయమ్మా. గా దినం నేను అబద్ధం చెప్పిన."

"ఎర్కనే."

"ఎర్కనా? మరి ఎందుకు గట్టిగ అడగలే?"

ఆమె కర్రను ఇంకో మెలి తిప్పుతూ, మామూలుగా అంది: "అడిగితె క్లాసుకు రావద్దంటరేమోనని బయమైంది పంతులూ. ఉన్నదన్న నేర్సుకుందమని ఊకున్న."

బట్ట బిగిసి కాలు మొద్దుబారుతోంది. విప్పమని అనలేకపోయాను. గడియారం లేనివాళ్లకు ఇరవై నిమిషాలయ్యాయని గుర్తేమిటని ఆమే అడిగి, ఆమే విప్పింది.

అల్వాల్‌లో క్లాసు వేసవి దాటాక పెట్టాం. సాయమ్మ చెబుతుంటే నేను వెనక కూర్చుని బ్యాండేజీలు చుట్టాను. జనం ఆమె చుట్టూ మూగితే నాకు మండింది. దాచడం ఎందుకు, తర్వాత చాలా ఏళ్లు మండుతూనే ఉంది. నేను మంచివాణ్ని అయిపోయానని చెప్పుకోను. ఈ పని నాకు నేర్పింది ఒక్కటే. నేర్పేవాడి ముందు కూర్చున్నవాళ్లు అడగడానికి భయపడతారు. వాళ్లకు ఏం అందలేదో మనమే చూసుకోవాలి. అందుకే ఆ తర్వాత నేను నేర్పిన ప్రతి క్లాసులో నెత్తురు ఆపడం మొదటిరోజే చెప్పాను. ఎవరైనా రాకపోతే సైకిల్ మీద వాళ్లింటికి వెళ్లి చెప్పాను. నా కంటే బాగా చేసేవాళ్లు ఎవరైనా కనబడి కడుపు మండిన రోజు మాత్రం, ఏమైనా దాచానేమోనని వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను.