మెదక్ మ్యూజియం పండుగలో ఎవరూ ఎక్కని ర్యాంపు

నర్సాపూర్ నుంచి మెదక్ పెద్ద దూరమేమీ కాదు. అయినా చక్రాల కుర్చీతో ఆ దారిన పోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మా పెద్దమ్మ కూతురు పద్మక్క ఇంట్లోనే మిషన్ కుడుతుంది. చిన్నప్పటి నుంచి ఆమెకు కాళ్ళు పనిచేయవు. మెదక్‌లో ఓ చిన్న మ్యూజియం వాళ్ళు పండుగ పెడుతున్నారని తెలిసింది. ఇంట్లో చేసిన వస్తువు ఏదైనా ముందుగా పంపాలి, పండుగ నాడు ఎవరి వస్తువు గురించి వాళ్ళే వచ్చి చెప్పాలి. నచ్చినవి మ్యూజియంలోనే ఉంచుకుంటారు. చనిపోయిన పెద్దమ్మ చీరలతో తను కుట్టిన బొంతను అక్క పంపింది. అది అక్కడి గోడ మీద ఉండిపోవాలని ఆమె కోరిక. కరపత్రం అడుగున 'వికలాంగులకు ర్యాంపు కలదు' అని అచ్చువేశారు. హక్కుల మీద వచ్చే కరపత్రాలన్నీ దాచుకుని చదివేవాణ్ణి కదా, ఆ ఒక్క ముక్కకే పొంగిపోయి నేను తీసుకుపోతానన్నాను.

ఏడున్నరకు బస్సెక్కాం. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి అక్కకు జీరో టికెట్, నాకు వంద లోపే అయింది. కుర్చీ మడిచి డ్రైవర్ సీటు వెనక పెట్టాం. దానికి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరమ్మ కౌడిపల్లి దాటేదాకా ఆలోచించి, చివరికి వదిలేసింది. గంటన్నరలో మెదక్‌లో దిగాం. బస్టాండ్ బయట ఆటో ఆయన మమ్మల్ని చూడగానే, చర్చికా, ఏడుపాయల గుడికా అని అడిగాడు. మ్యూజియంకు అంటే నమ్మలేదు.

"గక్కడ ఏం మొక్కుతరు?"

"మొక్కుడు కాదన్నా, నేను మాట్లాడాలె" అంది అక్క. ఆయన అరవై రూపాయలకు ఒప్పుకుని, కుర్చీని తన సీటు పక్కన తాడుతో కట్టాడు.

మ్యూజియం ముందు ఆరు మెట్లు, వాటి పక్కనే ర్యాంపు. చెప్పినట్టే ఉంది. ఎర్ర తివాచీ పరిచి, రెండు పక్కలా బంతిపూలు కట్టి, దాని మొదట్లో ఇంత పెద్ద ముగ్గు వేశారు. ముగ్గుకు అడ్డంగా రిబ్బన్ కట్టారు. మేం దగ్గరికి పోగానే పండుగ పెద్ద ఉరికొచ్చాడు. రిటైరైన టీచరట. అక్కకు రెండు చేతులూ జోడించి మొక్కాడు.

"జర ఆగుండ్రి అమ్మా. ముఖ్య అతిథి వచ్చి రిబ్బన్ కట్ చేస్తరు. అటెన్క ఫస్ట్ ఎక్కేది మీరే. ఫోటోగ్రాఫర్‌కు గూడ చెప్పి పెట్టిన."

నాకు నెత్తి మండింది. నడవగలిగిన జనమంతా మెట్లెక్కి లోపలికి పోతున్నారు. ఎవరి కోసం ర్యాంపు కట్టారో ఆమె ఒక్కతే కింద ఎండలో ఉంది. ఇదేం న్యాయమని గట్టిగానే అడిగాను. సార్ ముఖం చిన్నబోయింది. ఆయన నిజంగానే అక్కకు గౌరవం చేస్తున్నాననుకున్నాడు. గౌరవం చేసేవాడితో ఎట్లా కొట్లాడాలో నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు.

ఇంతలో నలుగురు వాలంటీర్లు వచ్చి, కుర్చీతో సహా మెట్ల మీదుగా పైకి మోస్తామన్నారు. అక్క నోరు తెరవకముందే నేను వద్దన్నాను. మనిషి మూట కాదన్నాను.

"తమ్మీ, మోసేది నన్ను. అడగాల్సింది గూడ నన్నే గద?" అంది అక్క. తర్వాత వాళ్ళవైపు తిరిగి, మోయొద్దని తనే చెప్పింది. నేను చెప్పిందే ఆమె చెప్పింది. మరి కోపం నా మీద ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆమె వంతు పదకొండుకు. పన్నెండు దాటినా అతిథి రాలేదు. అప్పుడు అక్క సార్‌ను పిలిచి, బొంతను కిందికి తెప్పించమంది. బయట కూర్చోబెట్టి మాట్లాడిస్తే వెలివేసినట్టే కదా అని నేను అడ్డుపడ్డాను. "బయట ఏంది? నేనున్న కాడికే రమ్మంటున్న" అంది. షామియానా కింద బొంత పరిచారు. లోపలున్న జనం మెట్లు దిగి వచ్చి చుట్టూ కూర్చున్నారు. పులిహోర వడ్డించే వంటాయన కూడా గరిటె పట్టుకునే వచ్చి నిలబడ్డాడు.

అక్క ఒక్కో ముక్క మీద చెయ్యి పెట్టి చెప్పింది. ఏది పొలం చీర, ఏది పెండ్లిళ్ళకు కట్టింది, ఏది రెండేళ్ళు అతుకులతో నడిచింది. నీలం ముక్క దగ్గర ఆగింది.

"ఇది కట్టుకొని మా అమ్మ నన్ను ఎత్తుకొని బడికి తీస్కపోయేది, ఏడో తరగతి దాక. గిది చూడుండ్రి, చినిగిన జాగ. భుజం మీద నేను పట్టుకున్న కాడ. కుట్టలే, అట్లనే ఉంచిన."

సార్ కండ్లు తుడుచుకుని, ఇది మ్యూజియంలోనే ఉంటుందన్నాడు.

మూడింటికి ఫోన్ వచ్చింది. అతిథి రావడం లేదు. రిబ్బన్ మీరే కట్ చేయండని సార్ కత్తెర తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. మేం ర్యాంపు దగ్గరికి పోయేసరికి బంతిపూలు నేల మీద ఉన్నాయి, కింది పలకలు ట్రాలీ ఎక్కేశాయి. ర్యాంపు టెంట్‌హౌస్ నుంచి కిరాయికి తెచ్చిందట. పలకలు దించమని టెంట్ ఆయనకు అడ్డం నిలబడ్డాను.

"మీ నర్సాపూర్‌లనే రాత్రి రిసెప్షన్ అన్నా. స్టేజీకి గివే పలకలు. పెండ్లి ఆపమంటవా?" అన్నాడు. నేను పక్కకు జరిగాను.

ఇక మిగిలింది బొంత. ఇవ్వొద్దని అక్కకు చెప్పాను. రేపటి నుంచి ఇక్కడ ఆరు మెట్లే ఉంటాయి. నీ బొంతను నువ్వే చూడలేవు, వాపస్ తీసుకుపోదాం, అదే మన నిరసన అన్నాను. అక్క బొంతను మడిచి ఒళ్ళో పెట్టుకుని, నీలం ముక్కను చేత్తో సాపు చేసింది. తర్వాత సార్ చేతికి ఇచ్చింది.

"నేను ఎక్కకున్నా, మా అమ్మనన్న ఎక్కనీ తమ్మీ."

సార్ దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని మెట్లెక్కాడు.

తిరుగు బస్సులో నేను ఎన్ని రకాలుగా లెక్క వేసినా తేలలేదు. అక్క మాట్లాడింది, అందరూ విన్నారు, బొంత గోడకెక్కింది. మరి గెలిచినట్టే కదా? ఆమె లోపల అడుగే పెట్టలేదు, ఇకముందు పెట్టే వీలూ లేదు. మరి ఓడినట్టే కదా? ఎవరి మీద అరవాలో తెలిస్తే నాకు బాగుండేది. కిటికీ పక్కన అక్క హాయిగా నిద్రపోయింది. అది చూసి నాకు ఇంకా అయోమయమైంది. మీరు ఎవరినైనా ఇట్లాంటి పండుగకు తీసుకుపోతుంటే ముందు రోజే ఫోన్ చేయండి. ర్యాంపు ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. రేపు మేం వచ్చే గంటకు ఎక్కనిస్తారా, ఎల్లుండి కూడా అది అక్కడే ఉంటుందా అని అడగండి.