బుధవారం మధ్యాహ్నం కోమా

నలభై ఐదో వీధి థియేటర్లో వెనక గుమ్మానికి నేను కాపలా ఉండేవాణ్ణి. నటులంతా నా ముందునుంచే లోపలికి పోవాలి. అంచేత విల్మా కోస్కా గురించి నేను చెప్పేది నమ్మొచ్చు. కాస్త ఉప్పూ కారం తగిలించినా, చిన్నప్పుడు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్ల మీద గౌరవంకొద్దీ అసలు సంగతి మాత్రం మార్చను.

విల్మా ఇరవయ్యేళ్ళు స్టేజీ మీద కాఫీ కప్పులు మోసింది. "భోజనం సిద్ధం, అమ్మగారూ" అనడం, తలుపు మూసి వెళ్ళిపోవడం. ఆ తరవాత టీవీ సీరియల్లో నర్సు ఆడ్రీ వేషం దొరికింది. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి, ముందుగా తీసి పెట్టుకోవడం లేకుండా, వాళ్ళు అక్కడ ఆడుతుంటే జనం ఇళ్ళలో చూసేవారు. ఇంటి అద్దె దానిమీదే గడిచేది. వీధిలో ఆడవాళ్ళు ఆపి, ఆ డాక్టర్ని నమ్మొద్దని ఆమెకి బుద్ధులు చెప్పేవారు.

నలభై ఆరో ఏట మా థియేటర్లో ఆమెకి అసలైన వేషం వచ్చింది. మూడంకాల నాటకంలో, గదులు అద్దెకిచ్చే ఒక ముక్కోపి వితంతువు. చిక్కల్లా ఒక్కటే. బుధవారం పగటి ఆట కూడా రెండున్నరకే. సీరియల్ వాళ్ళు సెలవివ్వం, ఏదో ఒకటి వదులుకోమన్నారు. ఒకటి కూడు పెట్టేది. రెండోది ఆమె బతుకంతా ఎదురుచూసినది.

విల్మా ఏడవలేదు. సీరియల్ రాసేవాడికి మంచి భోజనం పెట్టించి, ఆడ్రీని కారు కింద పడెయ్యమంది. వాడు పడేశాడు. ఆడ్రీ కోమాలోకి వెళ్ళింది, మొహం నిండా కట్లు. మిగతా రోజులు విల్మాయే పడుకునేది, రాత్రి ఆటకి హాయిగా విశ్రాంతి. బుధవారాలు మాత్రం కట్ల కింద ఆమె చెల్లెలు ఇర్మా. బేకరీలో తెల్లారకముందే పనిలోకి దిగే మనిషి, మెత్తటి పరుపు తగలగానే నిజంగానే నిద్రపోయింది. గురక దేశమంతా వినిపించింది. డాక్టరు వేషగాడు గడుసువాడు, "ఊపిరి బలంగా ఉంది, మంచి సూచన" అన్నాడు. మా వీధిలో కిటికీలు అదిరాయని నేననను గానీ, పావురాలు మాత్రం లేచిపోయాయి.

అసలు గండం మా దగ్గర వచ్చింది. పగటి ఆటకి నది అవతలి ఊళ్ళనుంచి బస్సుల్లో ఆడవాళ్ళు వస్తారు. తక్కిన రోజుల్లో సీరియల్ చూసేదీ వాళ్ళే. మొదటి బుధవారం విల్మా సూపు గిన్నె పట్టుకుని స్టేజీ మీదికి రాగానే, ఆడ్రీ లేచిందంటూ హాలంతా లేచి చప్పట్లు. హీరో తన మాటలు మర్చిపోయాడు. తెర పడ్డాక దర్శకుడు హాస్కెల్, ఇంకోసారి ఇలా జరిగితే ఆ వేషం మరొకరికి ఇచ్చేస్తానన్నాడు.

"మార్టీ, వీళ్ళు ప్రేమకొద్దీ నా నోటికాడి ముద్ద లాగేస్తున్నారయ్యా" అంది విల్మా, నా గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటూ.

వచ్చే వారం మీసాలు పెట్టుకురమ్మన్నాను. నవ్వలేదు.

రెండో బుధవారం మళ్ళీ అదే గోల. ముందు వరసలో నీలం టోపీ ఆవిడ నిలబడి, "ఆడ్రీ, ఎప్పుడు లేచావే తల్లీ?" అంది. పక్క తెర చాటున హాస్కెల్ మొహం కందగడ్డ అయింది. విల్మా గిన్నె బల్లమీద పెట్టి, ఆ ముక్కోపి గొంతుతోనే ఆవిడ వైపు తిరిగింది.

"నేను లేవడమేంటమ్మా? అక్కడ పడుకున్నది మా చెల్లెలు. ఇంకా లేవలేదు. కూర్చోండి, సూపు చల్లారిపోతోంది."

ఆవిడ కూర్చుంది. వెనకాల హాలంతా కూర్చుంది. ఆ మాటలో అబద్ధముందని మా కాన్వెంటు సిస్టర్లు కూడా తప్పు పట్టలేరు. సరిగ్గా ఆ నిమిషానికి, నాలుగు వీధుల అవతల సీరియల్ తీసేచోట, ఇర్మా గురకపెడుతూనే ఉంది.

ఆపైన బుధవారం టికెట్టు దొరకడం కష్టమైంది. వచ్చినవాళ్ళు చెల్లెలి కోసమని కోడి సూపులూ ఆపిల్ పైలూ నా గుమ్మం దగ్గర పెట్టి పోయేవారు. సూపులు ఇర్మాకి చేరేవి. ఆపిల్ పైల సంగతి నన్నడక్కండి. హాస్కెల్ వేషం మార్చే మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా ఆ సూపు మాట నాటకంలోనే ఉంచెయ్యమన్నాడు.

నాటకం రెండేళ్ళు ఆడింది, ఆడ్రీ అన్నాళ్ళూ కోమాలోనే ఉంది. ఇప్పుడు విల్మా చెల్లెలి బేకరీలో గల్లా దగ్గర కూర్చుంటుంది. ఇప్పటికీ ఏ ముసలావిడో రొట్టె కొంటూ ఆమెని పోల్చుకుని, పాపం మీ చెల్లెలికి ఎలా ఉందమ్మా అని అడుగుతుంది.

"లేచిందమ్మా" అంటుంది విల్మా, లోపల పొయ్యి వైపు చూపించి. "మీ చేతిలో రొట్టె తనే కాల్చింది."