పోటు వేళ నిలబడిన చేపలు

మొన్న ఆదివారం మా మనవరాలు అమలాపురంలో తన ఇంటి ముందు గదిలో బంగారు చేపల కోసం గాజు తొట్టె అమరుస్తూ, నన్ను పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఇసుక కడగడం దగ్గర్నుంచి ప్రతిదీ ఫోనులో చూసి మరీ చేస్తోంది. మొక్కల్ని ఇసుకలో నాటకుండా ఒక్కొక్కదాన్నీ రాయికి దారంతో కడుతుంటే ఎందుకని అడిగాను. "ఇవి ఊరుకోవు అమ్మమ్మా, నాటిందల్లా పీకి పారేస్తాయి" అంది. నిజమే. కానీ బంగారు చేపలు పీకకుండా వదిలేసిన మొక్కను ఒకదాన్ని నేను చూశాను.

అప్పటికి నాకు పెళ్లయి రెండో ఏడు, సైన్సు టీచరుగా చేరి మొదటి ఏడు. మా అత్తవారిది అంతర్వేదిలో పడవల కుటుంబం. మావారొక్కరే చదువుకుని అమలాపురంలో గుమాస్తాగా స్థిరపడ్డారు. ఆ ఏడు కార్తీకంలో మా పెద్దాడపడుచు భర్త, నేను అన్నయ్యగారని పిలిచే మనిషి, వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క ఒక్కటైనా ఒడ్డుకు కొట్టుకురాలేదు. ఆ రోజుల్లో పడవ రాకపోతే రేవులో నిలబడి చూడటం తప్ప మరో దారి లేదని నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. వదినగారు నెలల తరబడి అలా నిలబడి చిక్కిపోతుంటే, మాఘంలో మా ఇంటికి తీసుకొచ్చాం.

మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి కార్యం జరిపించడం మనవైపు ఉన్నదే. ఆవిడ దానికి ఒప్పుకోలేదు. అది జరగనిదే ఇంట్లో శుభం చేయకూడదని ఆవిడ మరిదిగారి కూతురి పెళ్లి ఆగిపోయింది. ఆయన వారానికోసారి వచ్చి అరుగు మీద కూర్చునేవారు.

"ఆయన లేరని మీకెవరు చెప్పేరండీ? సముద్రం చెప్పిందా?" అనేవారు వదినగారు.

"ఆయ్, మీరు చెప్పిందాకా నేను ఆగుతానొదినా. మగపెళ్లివారు ఆగొద్దాండీ?" అని ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయేవారు.

ఆవిడ మనసు కాస్త మళ్లుతుందని మావారు వైశాఖంలో కాకినాడ నుంచి గాజు తొట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు, దానితో పాటు నీళ్ల సంచిలో ఐదు బంగారు చేపలు. వేసవికి కాలువలకు నీళ్లు కట్టేసిన రోజులు కావడంతో, అడుగున మిగిలిన మడుగుల్లో నీటిమొక్కలు ఏరుకోవడం తేలికైంది. గోదావరి ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి పరిచాను. అంతా అయ్యాక వదినగారు తన పెట్టెలోంచి చిన్న మూట తెచ్చి, అందులోని ఇసుకను ఎడమ మూలన పోసి, రిబ్బనులాంటి ఆకులున్న మొక్కనొకదాన్ని తన చేత్తో నాటారు. అది అన్నయ్యగారు చివరిసారి పడవ నెట్టిన చోటి ఇసుక. ఉప్పు ఇసుకలో ఆ మొక్క బతకదని చెప్పాను.

"బతక్కపోతే నేనే తీసేస్తాన్లే. నీ సైన్సుకి అడ్డం రాను" అన్నారు.

వారం తిరిగేసరికి చేపలు నేను నాటినవన్నీ కుళ్లగించాయి. ఎడమ మూలది మాత్రం ముట్టుకోలేదు. అది చేతి పొడవు పెరిగింది.

ఒక మధ్యాహ్నం వదినగారు వంకాయలు తరుగుతున్నారు, నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తితే ఐదు చేపలూ ఒకే వరసలో ఆ మొక్కకు ఎదురుగా, తోక కూడా కదపకుండా నిలబడి ఉన్నాయి. వీధి గుమ్మంలోంచి ఎవరో వస్తుంటే మనం లేచి నిలబడతామే, అలాగ.

"పోటు మొదలైంది" అన్నారు వదినగారు, కత్తిపీట మీంచి చూపు తిప్పకుండానే.

పడవల ఇళ్ల ఆడవాళ్లకు తిథి తెలిస్తే సముద్రం పోటు వేళ తెలుస్తుంది. నాకు నమ్మకం కుదరక మేత వేసే వేళలు మార్చాను, కిటికీకి దుప్పటి కట్టాను, తొట్టెను గోడ నుంచి జరిపాను. పోటు రోజురోజుకూ ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంది. చేపల వేళా అలాగే జరిగింది. ఒక్క రోజు తప్పితే చాలు, ఇది పోటు వల్ల కాదని ఆవిడకు నచ్చజెప్పుకోవచ్చని చూశాను. తప్పలేదు. చివరికి నేనే ఆ వేళప్పుడు ముందుగదిలోకి వెళ్లడం మానేశాను.

ఆషాఢంలో పెళ్లికూతురే వచ్చింది. శ్రావణం దాటితే సంబంధం తప్పిపోతుంది. ఆ పిల్ల ఆ మాట ఎత్తకుండా, పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. పిల్ల ఉందని ఆ రోజు నేనూ అక్కడే కూర్చున్నాను. పోటు వేళయింది. ఎదురుగా బల్ల మీద తొట్టెలో చేపలు ఆ మూలకు రాలేదు. తలో గాజు గోడకూ అంటుకుపోయాయి, దారి ఇచ్చినట్టు. దగ్గర ఏ చేపా లేకుండానే ఆ మొక్క ఇసుకలోంచి నెమ్మదిగా లేచి, వేళ్లతో సహా పైకి వచ్చి తేలింది. ముగ్గురం చూశాం.

వదినగారు నీళ్లలో చెయ్యి పెట్టి దాన్ని తీసుకున్నారు. దాని తడి వేళ్లను చాలాసేపు నిమిరారు.

"పంతులుగారికి కబురు పెట్టమని మీ నాన్నతో చెప్పమ్మా. మీ పెదనాన్న ఇప్పుడే వెళ్లేరు."

"ఎక్కడికి పెద్దమ్మా?" అంది ఆ పిల్ల భయంగా. వదినగారు మొక్కను కొంగులో చుట్టుకుని లేచారు.

కార్యం జరిగింది, శ్రావణంలో పెళ్లీ జరిగింది. ఉప్పుకు వేళ్లు సడలి ఉండవచ్చు, ఇసుకలో గాలి బుడగ చేరి ఎత్తి ఉండవచ్చు, మొక్క సంగతికి ఇలా ఏదో ఒకటి చెప్పగలను. చేపల సంగతికి ఈనాటికీ చెప్పలేను. ఆ రోజు తర్వాత అవి పోటు వేళ కూడా మేత కోసం నా చేతి వైపే వచ్చేవి. వాటిని చూస్తే ముందుకన్నా ఎక్కువ దిగులు వేసేది.

ఇప్పుడు పడవకు ఆలస్యమైతే గంటలో అందరి ఫోన్లలోనూ ఫొటోతో సహా కబురు వచ్చేస్తోంది. ఆ వెనకే పరిహారం కాగితాలు, సంతకాలు, పరామర్శలు. మంచిదే, రేవులో నిలబడి చిక్కిపోయే బాధ ఎవరికీ వద్దు. కానీ ఆ కార్తీకం నుంచి ఆషాఢం దాకా మా వదినగారి భర్త లేరని ఆవిడ చేత అనిపించడానికి ఎవరికీ అధికారం లేకపోయింది. ఆయన్ను పంపించిందీ ఆవిడే, తనకు వీలైన రోజున. ఇప్పటి ఆడవాళ్లకు ఆ వ్యవధి ఎవరిస్తున్నారు?